పడ్లా, వడ్లా? మా ఇంటి తాళపత్రాల కట్ట చూసొచ్చిన వైనం

ఊరినించి తిరిగొచ్చి నాలుగు రోజులైంది. కోపం సగం చల్లారింది. సిగ్గు మాత్రం చల్లారలేదు. రెండూ ఉండగానే రాసేస్తున్నాను.

మా తాతగారు 1958లో అటక మీదున్న తాళపత్రాల కట్టొకటి ఒక గ్రంథాలయానికి ఇచ్చారు. అప్పట్లో ఊరూరూ తిరిగి పాత ప్రతులు పోగేసేవాళ్ళు వచ్చేవారట. ఇవ్వనివాళ్ళ కట్టలు చెదలు తినేశాయి, లేదా ఎవరో ఒకరు ఏట్లో కలిపేశారు. కాబట్టి ఇచ్చి మంచిపనే చేశారు. మొన్న సంక్రాంతికి నాన్నగారి ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆ రశీదు బయటపడింది. ‘వైద్యము, తాళపత్రములు, ఆకులు 84’ అని ఉంది. సంతకం చెరిగిపోయింది గానీ ముద్ర బాగానే ఉంది. ఆ గ్రంథాలయం పేరు మాత్రం అడక్కండి, నేను మళ్ళీ అక్కడికే వెళ్ళాలి.

నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. 31 ఏళ్ళు హైస్కూల్లో పాఠం చెప్పాను. ఎం.ఏ.లో ఫస్టుక్లాసు. ఇది గొప్పకి చెప్పుకోవడం కాదు, చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఫోన్లు చేశాను, ఎవరూ ఎత్తలేదు. రైలెక్కాను, దిగాను.

ఆఫీసులో ఒక కుర్రాడున్నాడు. అర్జీ చూసి, తలెత్తకుండానే, ‘రీసెర్చి స్కాలరా?’ అన్నాడు.

‘కాదు బాబూ, ఆ కట్ట మా ఇంట్లోది.’

‘మీ ఇంట్లోదైతే ఇక్కడెందుకుందండీ?’

దీనికి ఏం సమాధానం చెబుతాం? రశీదు చూపించాను. అది కట్ట ఇచ్చినట్టు రాసిన కాయితమే గానీ చూడొచ్చని రాసిన కాయితం కాదన్నాడు. యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద గైడు సంతకం కావాలట. 62 ఏళ్ళవాణ్ణి, నాకు గైడెక్కడ దొరుకుతాడు? ‘పోనీ గెజిటెడ్ ఆఫీసరు?’ అంటే, ‘అది పాస్‌పోర్టుకండీ’ అన్నాడు. పక్క సీట్లో ఆవిడ నవ్వింది.

బయటికొచ్చి బడ్డీకొట్టు దగ్గర టీ తాగుతూ మండిపడ్డాను. బ్రౌన్ దొర కడపలో సొంత బంగళాలో పండితుల్ని కూచోబెట్టి, తన జీతంలోంచి వాళ్ళకి జీతాలిచ్చి, శిథిలమైపోతున్న ప్రతులన్నిటికీ నకళ్ళు రాయించాడు. 1852లో వచ్చిన ఆయన నిఘంటువు ఇప్పటికీ నా టేబుల్ మీదుంది. ఆయన సేకరించినవాటిలో చాలా భాగం చివరికి మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి చేరాయి. ఆ దొరని ఎవరైనా లెటర్‌హెడ్ అడిగారా? అడిగుంటే మనకి వేమన ఎక్కడ మిగిలేవాడు? మనవాళ్ళు తమ ఇంటి పుస్తకం చూడబోతే మాత్రం గైడు సంతకం కావాలి. కొంచెం అతిగా అంటున్నానేమో. కానీ ఆ మధ్యాహ్నం ఇంతకంటే ఎక్కువే అన్నాను, బడ్డీకొట్టువాడు సాక్షి.

చివరికి నా పాత శిష్యుడొకడు ఆ ఊరి డిగ్రీ కాలేజీలోనే లెక్చరరని గుర్తొచ్చింది. ఫోన్ చేస్తే అరగంటలో బండి మీద వచ్చి, ప్రిన్సిపాల్ చేత లెటర్ రాయించి తెచ్చిచ్చాడు. ‘మీరు నేర్పిన ఛందస్సే మాస్టారూ, ఇవాళ అన్నం పెడుతోంది’ అన్నాడు, ఆ ఆఫీసు కుర్రాడు వినేటట్టుగా. మీకు ఇలాంటి శిష్యుడు లేకపోతే ఇంటి దగ్గర బయల్దేరేముందే లెటర్ సంపాదించుకోండి. ఆధార్ నకళ్ళు, ఫొటోలు కూడా రెండేసి పెట్టుకోండి. ఒకటి తప్పకుండా పోగొడతారు.

తర్వాత కట్టని వెతకడం. వైద్యం జాబితా మొత్తం చూశాం, లేదు. పాత నంబరు, కొత్త నంబరు, బీరువా నంబరు, ఇలా మూడు రకాలున్నాయి, ఒకదానికొకటి పొసగవు. రెండు గంటల తర్వాత ‘భాగవతము, అసమగ్రము’ కింద దొరికింది, దాత పేరు మా తాతగారిదే. సంగతేమిటంటే ఒకే కట్టలో మూడు నాలుగు రచనలుంటాయి. పైన ఏ ఆకు కనిపిస్తే దాని పేరే జాబితాకెక్కుతుంది. కట్ట విప్పి మళ్ళీ కట్టేటప్పుడు తలకిందులైతే పేరూ మారిపోతుంది. అందుకే జాబితాలో లేదంటే లేదని నమ్మొద్దు. 1909లో మానవల్లి రామకృష్ణకవిగారు అచ్చువేయించేదాకా నన్నెచోడుడి కుమారసంభవం తాళపత్రాల్లోనే నిద్రపోయింది కదా.

ఆకులు లెక్కపెడితే 81. రశీదులో 84. అడిగితే ‘మాకొచ్చినప్పట్నించీ 81 అండీ’ అన్నారు. ఎవరికైనా ఏదైనా ఇచ్చేముందు ఆకులు లెక్కపెట్టి, ఫొటోలు తీసుకుని ఇవ్వండి.

చూసే గదిలో పెన్ను నిషేధం, పెన్సిల్ ఒకటే. ఫోన్ సంచీలో, సంచీ బయట. టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచారు. అటెండరొకాయన, యాభై దాటినవాడు, ఎర్రగుడ్డలో చుట్టిన కట్ట తెచ్చిపెట్టాడు. పైనా కిందా చెక్కలు, మధ్యలో చిల్లుల్లోంచి దారం. నిమ్మగడ్డి నూనె వాసన గుప్పుమంది. ఆకు ఎండి విరక్కుండా, పురుగు చేరకుండా రాస్తారది. నేను అలవాటు కొద్దీ వేలు నాలిక దాకా తీసుకెళ్ళాను. ‘ఆఁ ఆఁ మాస్టారూ!’ అని ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. బళ్ళో ఎంతమంది పిల్లల్ని ఇదే తప్పుకి గోడకుర్చీ వేయించానో!

భాగవతం ముగిసిన ఆకు మీద ఒక శ్లోకం కనిపించింది. గొంతు సవరించుకుని, గది మారుమోగేలా చదివాను:

‘తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేత్ శిథిలబంధనాత్
మూర్ఖహస్తే న దాతవ్యం ఏవం వదతి పుస్తకమ్.’

నూనె నించి కాపాడు, నీళ్ళ నించి కాపాడు, కట్టు సడలకుండా చూడు, మూర్ఖుడి చేతికి మాత్రం ఇవ్వకు అంటుందట పుస్తకం. ఆఫీసు కుర్రాడి వైపు తలుపు తీసే ఉంది, వాడికి వినబడాలనే చదివాను. అటెండరు తలూపాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

తర్వాతి ఆకు తీశాను. ఒక్క ముక్క అర్థం కాలేదు.

నిజం చెప్పాలంటే ఆ శ్లోకం కూడా నేను చదవలేదు. ‘తైలా’ అన్న రెండక్షరాలు పోల్చుకోగానే మిగతాది నోటికొచ్చింది కాబట్టి అప్పజెప్పాను. ఈ ఆకు నోటికి వచ్చింది కాదు. మాటకీ మాటకీ ఎడం లేదు. ఎత్వానికీ ఏత్వానికీ తేడా లేదు. గంటంతో గీసి మసి పూసిన అక్షరాల్లో చాలా చోట్ల మసి రాలిపోయి, ఉత్త ఆకులా ఉంది. కళ్ళజోడు తీశాను, పెట్టాను. పావుగంట కుస్తీ పట్టి ఒక మాట పట్టుకున్నాను. ‘పడ్లు’. దాని ముందు ఎవరిదో పేరు. ఎవరి పళ్ళు? వైద్యం కదా, పంటినొప్పి మందై ఉంటుందని పెన్సిల్‌తో రాసుకున్నాను కూడా.

వెనకనించి అటెండరు మెల్లగా అన్నాడు: ‘వడ్లండీ మాస్టారూ.’

ఆకుని నా చేతిలోంచి తీసుకోలేదు. నా చేతినే పట్టుకుని, కిటికీ వెలుతురు పక్కవాటుగా పడేలా ఆకుని వాల్చాడు. ఉత్త ఆకనుకున్న చోట గీతలు నీడపట్టి లేచాయి. వకారానికి మూసిన గుండ్రం, పకారానికి విప్పిన నోరు. ఆ చిన్న సందు నేను చూడలేదు. బళ్ళో ‘వ’కి ‘ప’ రాస్తే సున్నా వేసినవాణ్ణి.

‘సరే, వడ్లు. మరి పద్యం చివర పెట్టే నిలువుగీతలు, దండాలు, ఇన్నేమిటి? ఇక్కడ రెండు, ఇక్కడ మూడు. పద్యాలా?’ అన్నాను.

ఆయన నవ్వు ఆపుకున్నాడు. అది నాకు కనిపించింది, అదే ఎక్కువ గుచ్చుకుంది. ‘దండాలు కావండీ, లెక్కలు. నిలువుగీత ఒకటైతే కాలు, అంటే పావు, రెండైతే అర, మూడైతే ముక్కాలు. అడ్డగీతయితే వీసం.’ వీసమంటే పదహారో వంతని నాకు తెలుసు, సామెతల్లో వందసార్లు చెప్పాను. దాన్ని గీస్తే ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. ఆయన తొమ్మిదో తరగతితో ఆపేశాడట. వచ్చిన పండితులందరికీ ఆకులు పట్టుకుని నిలబడుతూ వాళ్ళు చదివేది విని నేర్చుకున్నాడు. ఆ ఆకు నాకు గడగడా చదివి వినిపించాడు. ‘నందన సంవత్సరం కార్తీకం’, ఎవరెవరికో వడ్లు, మూడున్నర తూములు, రెండుంబావు తూములు, నాలుగు చోట్ల ‘చెల్లు’. వైద్యం నాలుగే ఆకులు, అదీ గొడ్లకి. మిగతాదంతా భాగవతమూ, మా ఇంటి వడ్ల పద్దూను.

నందన అంటే 1832 కావచ్చు, 1892 కావచ్చు. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కదా. 1832 అయితే అది గుంటూరు సీమలో డొక్కల కరువు ఏడాది, నందన కరువనీ అంటారు. ఆ ఏడు మావాళ్ళు వడ్లు ఇచ్చారని చెప్పుకోవాలని నాకు మహా ఆశగా ఉంది. ఇచ్చారో, అప్పు పెట్టారో, పెట్టి వసూలు చేశారో ఆకులో లేదు. ఉంటే ఆ పోయిన మూడింట్లో ఉండాలి.

స్కానింగుకి డబ్బు కట్టాను, మూడో రోజుకల్లా పెన్‌డ్రైవులో ఇచ్చారు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకు ‘అసలు కట్టే తెప్పించెయ్ పెదనాన్నా, ఇక్కడ ఫ్రేము కట్టిస్తా’ అన్నాడు. ఒరే, 75 ఏళ్ళు దాటిన ఇలాంటి రాతప్రతులు 1972 చట్టం కింద పురావస్తువులు, దేశం దాటిస్తే నన్ను లోపలేస్తారని చెప్పాను. అసలది ఇప్పుడు మనది కూడా కాదు.

వచ్చేటప్పుడు అటెండరు చేతిలో ఐదొందలు పెట్టబోతే తీసుకోలేదు. ‘ఆ శ్లోకం రాసివ్వండి మాస్టారూ, పూర్తిగా నాకు రాదు’ అన్నాడు. పెన్సిల్‌తోనే రాసిచ్చాను. మూర్ఖహస్తే దగ్గర నా చెయ్యి కాస్త ఆగింది.

ఇప్పుడు రోజూ ఆ గీతలు సాధన చేస్తున్నాను. వంటింట్లో కేలెండరు మీద పాల లెక్క కూడా పాతపద్ధతిలోనే వేస్తున్నాను. నిన్న అరలీటరని రెండు నిలువుగీతలు గీస్తే, మా ఆవిడ పదకొండు లీటర్లనుకుని పాలబ్బాయి మీద విరుచుకుపడింది.