రెండు రాత్రులు, ఒక్క సూర్యోదయం

వాషింగ్ మెషిన్లో మూడో వాయి తిరుగుతోంది. టైము పదకొండున్నర. మామూలుగా ఈపాటికి నేను ఒక నిద్ర తీసి ఉంటాను. కానీ సాయంత్రం నించీ ఒక మాట చెవి దగ్గర దోమలా తిరుగుతోంది, తోలినకొద్దీ వస్తోంది.

విశాఖ, అరకు తిరిగి నిన్న పొద్దున ఇంటి దగ్గర దిగాం. ఇవాళ ఆదివారం కాబట్టి బ్యాగులు విప్పే కార్యక్రమం నాది, క్రికెట్ చూసే కార్యక్రమం ఈయనది. ఆఖరి బ్యాగు అడుగున చిన్నాడి ఈత నిక్కరు దొరికింది, క్యారీ బ్యాగులో ముడేసి. మంగళవారం సాయంత్రం తడిదాన్ని తడిదానిలాగే కవర్లో వేసి, "పైకి వెళ్ళాక ఆరేద్దాం" అనుకున్నాను. ఇవాళ ముడి విప్పగానే హాల్లోంచి ఈయన, "చేపలేమన్నా తెచ్చావా?" అన్నారు.

ఆ కంపు పుచ్చుకుని బాల్కనీలోకి వెళ్ళేసరికి అక్కడ అత్తయ్య చిన్నత్తయ్యతో ఫోన్లో ఉన్నారు. ఆవిడ ఎప్పుడూ స్పీకర్ పెట్టుకునే మాట్లాడతారు. "సముద్రం బాగుందే. మంచం మీంచే కనపడుద్ది. కాకపోతే పొద్దుపొడుపు ఒక్కనాడే చూశా. రెండోనాడు చీకట్లోనే లేపి బండెక్కించారు."

అంతే. కంప్లైంట్ కాదు. ఆవిడ గొంతులో నిష్ఠూరం ఉంటే నాకు తెలుస్తుంది, పద్నాలుగేళ్ళ అనుభవం. లెక్క చెబుతున్నారు, అంతే. నేను నిక్కరు చేత్తో పట్టుకుని మనసులో లెక్కేశాను. సోమవారం రైలు లేటై, హోటల్ చేరేసరికి మధ్యాహ్నం. మంగళవారం పొద్దున ఒక సూర్యోదయం. బుధవారం ఐదింటికే బయటపడ్డాం. డిసెంబరు చివర్లో విశాఖలో సూర్యుడు వచ్చేది ఆరుంబావు దాటాక. రెండు రాత్రులకి డబ్బు కట్టాను, ఒక్క సూర్యోదయమే వచ్చింది.

అందులోనూ సీ వ్యూ అని రూముకి అదనంగా కట్టి!

ఐడియా నాదే. ఈయన మొదట్నించీ "ఒక్కచోటే నాలుగు రోజులు పడుందాం" అన్నారు. నేనే వినలేదు. రెండు రాత్రులు భీమిలి రోడ్డులో సముద్రం ఒడ్డున, రెండు రాత్రులు అరకులో కొండ మీద. పిల్లలకి వెరైటీ ఉంటుంది, అత్తయ్యకి బోరు కొట్టదు, ఒకే టికెట్ మీద రెండు సినిమాలు అని ఉపన్యాసం ఇచ్చాను. బుధవారం మధ్యాహ్నానికి ఆ ఉపన్యాసం నాకే అప్పజెప్పినట్టయింది.

బుధవారం సంగతి చెప్పకపోతే నిద్ర పట్టదు. అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలు విశాఖలో ఏడు లోపే బయల్దేరుతుంది. అద్దాల పెట్టెలో టికెట్లు దొరికాయని నేనే ఎగిరాను. హోటల్లో టిఫిన్ మన రూము రేటులోనే కలిసి ఉంటుంది కదా, ముందురోజు రాత్రి రిసెప్షన్లో చెప్పి, ఐదుగురికీ పొట్లాలు కట్టిస్తామని మాట తీసుకున్నాను. తెల్లవారుజామున అక్కడున్న కుర్రాడికి ఆ మాట ఎవరూ చేరవేయలేదు. పావుగంట లోపలికీ బయటికీ తిరిగి, ఐదు డబ్బాలు తెచ్చాడు. ఒక్కోదాంట్లో రెండు బ్రెడ్డు ముక్కలు, జామ్, ఉడకేసిన గుడ్డు. గుడ్డు వాసనే పడని అత్తయ్యకీ అదే డబ్బా. ఆవిడ మూత తీసి, చూసి, మళ్ళీ మూత పెట్టి, "నాకు ఆకలిగా లేదులే" అన్నారు. ఆ "లే" ఉంది చూశారూ.

రైలు మాత్రం బాగుంది. చిన్నాడు సొరంగాలు లెక్కపెట్టడం మొదలెట్టి ముప్పయ్యోదాని దగ్గర ఎక్కడో తప్పాడు, ఏడ్చినంత పని చేశాడు. ఆ లైను మొత్తం మీద 58 ఉన్నాయట. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి తెచ్చి జపాన్ పంపడానికి 1960లలో వేసిన దారి అది. మనం అద్దాల్లోంచి లోయలు చూసుకుంటూ పోతుంటే ఎదురుగా ఖనిజం బండ్లు దిగుతుంటాయి. శిమిలిగూడ స్టేషన్ బోర్డు మీద సముద్రమట్టానికి 996 మీటర్లు అని చూసి మా పెద్దది ఫోటో తీసింది. సిగ్నల్ లేదు కాబట్టి ఎవరికీ పంపలేకపోయింది. దాని బాధ అది.

పదకొండింటికి హోటల్ చేరాం. చెక్ ఇన్ రెండింటికి. ముందు ఉన్నవాళ్ళు ఖాళీ చెయ్యాలి, శుభ్రం చెయ్యాలి, మాకూ తెలుసు. అయినా ఫోన్ చేసినప్పుడు "తొందరగా వస్తే చూస్తాం మేడమ్" అన్నారు కదా. వాళ్ళు చూశారు. మేమూ చూశాం. వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో, చుట్టూ ఏడు లగేజీలు, మూడు గంటలు. అత్తయ్య మోకాళ్ళు బిగుసుకుపోయాయి. రెండు రూములూ పక్కపక్కనే అన్నవాళ్ళు, ఒకటి కింద, ఒకటి పైన ఇచ్చారు. వేడినీళ్ళు పొద్దున ఆరు నించి ఎనిమిది వరకేనని గోడ మీద కాగితం. చిన్నాడు రూమంతా తిరిగొచ్చి, "స్విమ్మింగ్ పూల్ ఏది?" అన్నాడు. లేదురా అంటే, "మరి రిసార్ట్ అన్నావు?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఈయన మాత్రం ఏమీ అనలేదు. ఏమన్నా అంటే పోట్లాడ్డానికి వీలుండేది.

వలిస పూలు కూడా అయిపోయాయి. ఫోటోల్లో పసుపు తివాచీలా కనిపించే చేలన్నీ బోడిగా ఉన్నాయి. నవంబరులో రావాలిట. స్కూలు సెలవులు పూలని చూసి ఇవ్వరుగా.

సరే, అసలు సెలవుల్ని ఇలా రెండు ముక్కలు చేసే పిచ్చి నాకెక్కణ్ణించి వచ్చిందా అని నిక్కరు రెండోసారి ఉతుకుతూ ఆలోచించాను. మా ఇంటి ఆచారమే అది. ఏప్రిల్ చివర నించి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవులు. సగం కోనసీమలో అమ్మమ్మ గారింట్లో, సగం పార్వతీపురం దగ్గర నానమ్మ గారింట్లో. నాన్న క్యాలెండర్ తీసి, మధ్యలో ఒక తేదీ చుట్టూ సున్నా చుట్టేవారు. ఆ తేదీన ట్రంకుపెట్టె, మరచెంబు, పులిహోర డబ్బాతో రావులపాలెం మీదుగా రాజమండ్రి, అక్కణ్ణించి విజయనగరం దాకా రైలు, ఆ తర్వాత బస్సు.

ఆ సున్నా చుట్టిన రోజు ఎవరి ఖాతాలోకి వస్తుందన్నది పెద్ద తగువు. పొద్దున్న టిఫిన్ తిని బయల్దేరారు కాబట్టి ఆ రోజు మాదేనని అమ్మమ్మ ఒప్పుకునేది కాదు, సగం రోజు కూడా కాదు పొమ్మనేది. రాత్రి అన్నం మా ఇంట్లో తిన్నారు కాబట్టి ఆ రోజు మీకే చెల్లిపోయిందని నానమ్మతో ఎవరైనా అంటే, "అలిసిపోయి ముద్ద దిగలేదు పిల్లలకి, అదీ ఒక రోజేనా?" అనేది. ఏ ఇంటికీ చెందని రోజు. బుధవారం వరండాలో కూచున్నప్పుడు ఇది గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వితే ఈయన అపార్థం చేసుకుంటారని ఆపుకున్నాను.

మామిడిపళ్ళదీ అదే కథ. అమ్మమ్మ ఇంట్లో కొత్తపల్లి కొబ్బరి కాయలు అప్పుడే గడ్డిలో మాగేసేవారు, వాసన మొదలయ్యేసరికి మా ప్రయాణం. నానమ్మ ఇంటికి వెళ్ళేసరికి సువర్ణరేఖ అయిపోవచ్చేది, అది ముందే వచ్చే కాయ. మా కోసమని ధాన్యం గదిలో దాచిన ఆఖరి పది కాయల్లో నాలుగు కుళ్ళిపోయి ఉండేవి. ఒకచోట మొదలవకముందే బయల్దేరడం, ఇంకోచోట అయిపోయాక చేరడం. నాన్న ఆ తేదీ ఒక పదిరోజులు ఇటో అటో జరిపి ఉంటే? లేదా ముందు నానమ్మ, తర్వాత అమ్మమ్మ అని ఉంటే? రెండు కాయలూ తినేవాళ్ళం. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎవరికీ తట్టలేదు. ముందు పుట్టింటికి పంపాలి, తర్వాత అత్తింటికి రావాలి, వరస అది.

అమ్మ గురించి ఇంకోటి. విజయనగరం స్టేషన్లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో అమ్మ చీర మార్చుకునేది. అమ్మమ్మ ఇంట్లో మూడు వారాలూ మెత్తబడ్డ నూలు చీరలే. ఇక్కడికొచ్చేసరికి ట్రంకుపెట్టె తెరిచి, గంజిపెట్టి ఇస్త్రీ చేసిన చీర తీసి కట్టుకుని, వదులు జడ విప్పి బిగించి అల్లుకునేది. నేను చేతిలో రిబ్బన్లు పట్టుకుని నిలబడేదాన్ని. అక్కడ ఏడింటికి లేచే మనిషి మర్నాటి నించి నాలుగున్నరకి లేచేది. మాకు రెండు సగాల సెలవు. అమ్మకి ఒక సగమే. అది నాకు పెళ్ళయ్యాక కానీ తెలియలేదు.

ఎక్కణ్ణించి ఎక్కడికో వెళ్ళాను. నిక్కరు దగ్గర ఉన్నాం.

ఇంతకీ వచ్చే ఏడాది నించి ఒక్కచోటే అని రాద్దామనే మొదలుపెట్టాను. ఇంత రాశాక నమ్మకం కుదరడం లేదు. ఎందుకంటే గురువారం బొర్రా గుహలు ఉన్నాయి.

అన్ని మెట్లు వద్దు, పైనే కూచోండి అన్నాను అత్తయ్యని. వినలేదు. పెద్దదాని భుజం పట్టుకుని, ఆగుతూ ఆగుతూ దిగారు. లోపల గబ్బిలాలు, రంగు లైట్లు, ఇది ఆవు పొదుగు, ఇది శివలింగం అని టార్చి వేసి చూపించే గైడు. ఆవు పైనున్న కంతలోంచి పడిపోతే వెతుక్కుంటూ వచ్చిన కాపరికి శివుడు కనపడ్డాడట, అందుకే గోస్తనీ నది అని గైడు చెబుతుంటే అత్తయ్య మధ్యలో అందుకున్నారు. ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పిన గొంతు ఊరికే పోతుందా. "ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయో చెప్పండి చూద్దాం?" పిల్లలు తెల్లమొహం. "తాటిపూడి చెరువులోకి. అక్కణ్ణించి భీమిలి. మొన్న మనం పడుకున్న హోటల్ ఎక్కడ?" చిన్నాడు ఒక్క క్షణం ఆగి, "అంటే మనం నదికి ఆ చివరి నించి ఈ చివరికి వచ్చామా!" అని అరిచాడు. గుహంతా మోగింది. గైడు అత్తయ్యకి దణ్ణం పెట్టాడు.

నేను రెండు హోటళ్ళు బుక్ చేసింది ఆ నది కోసం కాదని మీకు చెప్పక్కర్లేదు. అసలు కారణం కూడా చెప్పేస్తాను, ఎలాగూ అర్ధరాత్రి అయింది. సముద్రం దగ్గర రూము 9,500. కొండ మీద 4,200. రెండేసి రూములు. నాలుగు రాత్రులూ సముద్రం దగ్గరే ఉంటే 76,000, రెండు ముక్కలు చేస్తే 54,800. తేడా 21,200. వెరైటీ అన్నది ఆ అంకెకి నేను కట్టిన చీర. ఈయనకి తెలుసనుకుంటాను. అందుకే వరండాలో నోరు విప్పలేదేమో. ఇది ఇప్పుడే తట్టింది, రాస్తుంటే.

అయితే వరస మార్చి ఉంటే? ముందు కొండ, తర్వాత సముద్రం. అప్పుడు సముద్రం దగ్గర రెండు పొద్దులూ దక్కేవి, రాత్రి రైలుకి ఆఖరి రోజంతా ఉండేది. కాగితం మీద వేసి చూశాను. హైదరాబాద్ రైలు దిగి అదే పొద్దున అరకు బండి అందుకోవాలి. మా రైలు లేటై హోటల్ చేరేసరికి మధ్యాహ్నమైందని పైన రాశాను కదా. బండి తప్పిపోయేది. కారులో ఘాట్ రోడ్డు ఎక్కాలి, 115 కిలోమీటర్లు, పెద్దదానికి వాంతులు. ఏ వరసలో పెట్టినా ఒక కాయ కుళ్ళిపోతుంది.

ఇంతలో అత్తయ్య మంచినీళ్ళకి లేచి వచ్చారు. "ఇంకా పడుకోలా?" అన్నారు. బట్టలత్తయ్యా అన్నాను. పొద్దుపొడుపు సంగతి అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడిగితే, ఫోన్లో మాటలు విన్నానని తెలిసిపోతుంది. ఆవిడ మెషిన్ దగ్గరికెళ్ళి, వంగి వాసన చూసి, "సర్ఫుతో పోదమ్మా ఇది. కాసిని వేడినీళ్ళల్లో వంటసోడా వేసి నానేసి, అప్పుడు ఉతుకు" అని, గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయారు.

నానేశాను. అరకులో కొన్న కాఫీ పొడి డబ్బా వెనకాల దొరికింది వంటసోడా. ఇంకో అరగంట ఆగాలి, ఆ తర్వాత మెషిన్ 48 నిమిషాలు.