కంట్లో చూపు లేని చోటు

తెల్ల కాగితం మీద 8 సెంటీమీటర్ల ఎడంలో ఎడమ పక్క ఇంటూ గుర్తు, కుడి పక్క అర సెంటీమీటరు నల్ల చుక్క పెట్టండి. ఎడమ కన్ను అరచేత్తో మూసి, కుడి కంటితో ఇంటూనే చూస్తూ కాగితాన్ని చేయి చాపినంత దూరం నుంచి మెల్లగా దగ్గరకు తెండి. సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. ఇంకా దగ్గరకు తెస్తే మళ్లీ కనిపిస్తుంది.

మాయం కాలేదంటే చాలాసార్లు చూపు చుక్క మీదికి జారి ఉంటుంది. తల పక్కకు వాలినా, వేళ్ల సందుల్లోంచి ఎడమ కన్ను చూస్తున్నా కుదరదు.

కంటి లోపల వెనక గోడకు పరుచుకున్న పొర రెటీనా. అందులో వెలుగును పట్టే కణాలు వెనక వరసలో ఉంటే, వాటి సంకేతాలు మోసే నరాల తంతువులు ముందు వైపు పరుచుకుని ఉంటాయి. దాదాపు 10 లక్షల తంతువులు ఒకచోట చేరి, రెటీనాను దాటి ఆప్టిక్ నర్వ్‌గా మెదడుకు వెళ్తాయి. ఆ దాటే చోట వెలుగు కణాలు లేవు. అది ముక్కు వైపు ఉంటుంది, బొమ్మ రెటీనా మీద తలకిందులుగా, కుడి ఎడమలు మారి పడుతుంది కాబట్టి లోటు చెవి వైపు, చూపు మధ్య నుంచి 15 డిగ్రీల దగ్గర తేలుతుంది. ఆక్టోపస్‌కు ఈ బాధ లేదు, దాని తంతువులు వెనక నుంచే బయల్దేరతాయి.

ఇప్పుడు చుక్క మీదుగా అటూ ఇటూ సాగేలా ఒక గీత గీసి మళ్లీ చూడండి. చుక్క పోతుంది, గీత మాత్రం తెగదు! చుట్టుపక్కల ఉన్నదాన్నే మెదడు అక్కడా పూరించేస్తుంది.

గ్లకోమా, అంటే నీటికాసుల జబ్బు, చాలాకాలం దాక్కోగలగడానికి ఈ పూరింపు కూడా ఒక కారణం. తంతువులు ఒక్కొక్కటే చస్తున్నా నల్ల మచ్చ కనపడదు, చార్టులో 6/6 చదివేస్తారు. కంటి ప్రెషర్ మామూలుగా 10 నుంచి 21 mmHg (పాదరస మిల్లీమీటర్లు) మధ్య ఉంటుంది, కానీ అందులో ఉన్నవాళ్లకూ నరం దెబ్బతినొచ్చు. అందుకే ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుంటే ప్రెషర్ ఒక్కటే చూపించుకుని ఊరుకోవద్దు. నరం మొదలును చూడమనండి, అనుమానముంటే ఫీల్డ్ టెస్ట్, అంటే చుట్టుపక్కల చూపు ఎక్కడెక్కడ ఉందో కొలిచే పరీక్ష, చేయించుకోండి.

ఆ టెస్ట్‌లో మధ్య దీపాన్నే చూస్తూ, పక్కన మినుకు కనపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. మెషీన్ మధ్యమధ్యలో కావాలనే చూపు లేని చోట వెలుగు వేస్తుంది. నొక్కారంటే కన్ను కదిలినట్టే లెక్క. ఇలాంటివి 20 శాతం దాటితే రిపోర్టును అనుమానించాల్సిందే. రెప్ప వాలినా పైభాగంలో లేని లోపం కనిపిస్తుంది, దాన్ని టేపుతో ఎత్తి కట్టమని అడగొచ్చు. మొదటి టెస్ట్ చాలామందికి సరిగా రాదు, దాన్ని చూసి బెంబేలు పడకుండా ఇంకోసారి చేయించుకోండి.