కారుతున్న కట్ట, ఖేమ్‌కరణ్ లారీ డ్రైవరు

అన్నా హజారే అనగానే మనకు 2011 ఆగస్టు, ఢిల్లీ రాంలీలా మైదానంలో అవినీతి మీద దీక్ష, తెల్ల టోపీ గుర్తొస్తాయి. అప్పటికే ఆయన ముప్పై ఆరేళ్లుగా ఒక ఊరిని అంటిపెట్టుకుని ఉన్నాడని, అక్కడ ఆయన అసలు పని మట్టి, నీళ్లు, గట్లు అని టీవీ ముందు కూర్చున్న వాళ్లలో ఎందరికి తెలుసో. ఢిల్లీ సంగతి పక్కన పెట్టి ఆ ఊరి సంగతి చూద్దాం.

కిసన్ బాబూరావు హజారే 1937 జూన్ 15న మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ పక్కన భింగార్‌లో పుట్టాడు. ముంబైలో పూలమ్మి, 1960ల మొదట్లో సైన్యంలో లారీ డ్రైవరుగా చేరాడు. 1965 యుద్ధంలో పంజాబ్ సరిహద్దు ఖేమ్‌కరణ్ దగ్గర శత్రువుల దాడిలో తోటివాళ్లు చనిపోయారు, ఆయన బతికి బయటపడ్డాడు. మిగిలిన బతుకు ఊరి కోసమే అని అప్పుడే అనుకున్నాడట. అయినా వెంటనే ఉద్యోగం మానలేదు. సిపాయికి పెన్షన్ రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. అది పూర్తి చేసుకుని 1975లో బయటికి వచ్చాడు. తిండికి ఎవరి మీదా ఆధారపడని మనిషి మాటకు ఊళ్లో ఎంత బరువుంటుందో మన పల్లెలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆయన సొంతూరు రాలేగణ్ సిద్ధి, పార్నేర్ తాలూకా. సహ్యాద్రి కొండల వెనక వానచాటు ప్రాంతం. ఏడాదికి 400 నుంచి 500 మిల్లీమీటర్ల వాన. మన అనంతపురం సగటు 550 దాకా ఉంటుంది కాబట్టి అంతకన్నా ఎండు నేలే. సాగునీరు అందే భూమి 70 ఎకరాలకు మించి లేదు. ఊళ్లో బతుకుతెరువు సారా బట్టీలు. యాదవబాబా గుడి కొయ్యలు కూడా బట్టీల పొయ్యిల్లోకి వెళ్లిపోయాయి.

హజారే ముందు చెరువు జోలికి పోలేదు. ప్రావిడెంట్ ఫండ్ డబ్బుతో గుడి బాగు చేయించాడు. ఇది భక్తి కంటే ఎక్కువగా లెక్క అని నాకనిపిస్తుంది. ఊరంతా కూర్చునే చోటు ఒకటి కావాలి, అక్కడ ఒప్పుకున్న మాట తప్పడానికి జనం జంకాలి. బట్టీలు మూసేద్దామన్న తీర్మానం ఆ గుడిలోనే జరిగింది. తాగి వచ్చినవాళ్లను స్తంభానికి కట్టి బెల్టుతో కొట్టిన మాట కూడా నిజం, ఆయనే ఒప్పుకున్నాడు. దాన్ని సమర్థించలేం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు స్తంభమూ బెల్టూ లేకుండానే సారా దుకాణం మూయించారు, మరుసటి ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఆ తర్వాత చెరువు. ప్రభుత్వం అంతకుముందే ఒక ఊట చెరువు కట్టింది, కానీ కట్ట కారిపోయి నీళ్లు నిలిచేవి కావు. ఊట చెరువంటే నీళ్లు ఇంకడానికే కదా, కారితే తప్పేమిటని అడిగేవాళ్లుంటారు. చెరువు అడుగు నుంచి కిందికి ఇంకిన నీరు భూమిలో మెల్లగా నడిచి బావులకు చేరుతుంది. కట్ట కింద నుంచి దూరిన నీరు మాత్రం పది అడుగుల అవతల తేలి వాగులో పడి పోతుంది. పోతూ పోతూ సన్నమట్టిని కూడా పట్టుకుపోతుంది. కట్ట వెనక పాదం దగ్గర ఊరే నీళ్లు దోసిట్లోకి తీసుకుని చూడండి. తేటగా ఉంటే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. మురికిగా ఉంటే లోపల సొరంగం పడుతోందని, కట్టకు రోజులు దగ్గరపడ్డాయని అర్థం.

దక్కన్ నల్లరాతి నేలల్లో పైన మట్టి, కింద మొరం, ఆ కింద పగుళ్ల రాయి. కట్ట కింద తవ్వే పునాది కందకం మొరంలోనే ఆగిపోతే నీళ్లకు దారి ఇచ్చినట్టే. మరమ్మతు ఎండాకాలంలోనే చేయాలి. నీళ్ల వైపు పాదం వెంట గట్టి పొర తగిలేదాకా కందకం తీసి, నల్లరేగడి మట్టిని జానెడు కంటే మందం కాకుండా పొరలు పొరలుగా వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టాలి. ఒకేసారి మూడడుగుల మట్టి పోసి పైన తొక్కితే పైపొర బిగుస్తుంది, కింద గుల్లగా మిగులుతుంది. రాలేగణ్‌లో ఊరివాళ్లు శ్రమదానంతో కట్ట బాగు చేశాక, ఆ వేసవిలో దిగువనున్న ఏడు బావుల్లో నీళ్లు కనబడ్డాయి. ఉపన్యాసాలకు కదలనివాళ్లు ఆ బావుల్లోకి తొంగిచూసి కదిలారు.

పుణె జిల్లా పురందర్ తాలూకాలో నీటి పంచాయతీలు నడుపుతున్న విలాస్‌రావు సాలుంఖే పని చూసి వచ్చాక గుట్టల మీద పని ఊపందుకుంది. సూత్రం ఒక్కటే, పైనుంచి కిందికి. ముందు గుట్ట మీద కందకాలు, తర్వాత పిల్లవాగులకు రాతి అడ్డుకట్టలు, చివర్లో చెక్‌డ్యాం. మన దగ్గర చాలాచోట్ల దీన్ని తిరగేస్తారు. చెక్‌డ్యాం ముందు కట్టేస్తారు, ఎందుకంటే ఫొటోకు బాగుంటుంది, బిల్లు కూడా పెద్దది. పైనుంచి మట్టి కొట్టుకొచ్చి నాలుగు వానాకాలాల్లో అది పూడుకుపోతుంది.

గుట్ట మీద కందకం మట్టంగా సాగాలి. దానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. రెండేసి మీటర్ల కర్రలు రెండు పైన కలిపి కట్టి, మధ్యలో అడ్డకర్ర బిగించి, పైకొన నుంచి తాడుకు రాయి వేలాడదీయాలి. నేల మీద నిలబెట్టి, కాళ్లు ఆనిన చోట్ల గుర్తులు పెట్టి, తాడు అడ్డకర్రను ఎక్కడ తాకిందో గీత పెట్టాలి. కాళ్లు అటుదిటు మార్చి అవే గుర్తుల మీద మళ్లీ నిలబెట్టి ఇంకో గీత. రెండు గీతల నడిమి చోటే మట్టం. ఇక తాడు అక్కడ ఆగేలా ఒక్కో అడుగూ వేసుకుంటూ సున్నం గుర్తులు పెట్టుకుపోవడమే. గాలి రోజున రాయి ఊగి మోసం చేస్తుంది, పొద్దున్నే చేసుకోవాలి.

రెండడుగుల వెడల్పు, అడుగు నుంచి అడుగున్నర లోతు తీసి, తీసిన మట్టి పల్లం వైపు గట్టుగా వేయాలి. గీత కాస్త వాలినా కందకం నీళ్లన్నీ ఒక కొసకు చేరి అక్కడే తెంచుకుంటాయి, వాన పట్టాల్సిన కందకం కొత్త వాగును పుట్టిస్తుంది. అందుకే మధ్య మధ్య తవ్వకుండా మట్టి అడ్డం వదలాలి. ఒక హెక్టారు మీద 100 మిల్లీమీటర్ల వాన అంటే పది లక్షల లీటర్లు. ఆ వాన పడిన చోటే ఆగితే కింద కట్టడం చిన్నదైనా సరిపోతుంది.

గొడ్డలి, మేకలు ఆగకపోతే ఇదంతా దండగ. ఆ ఊరు చెట్లు నరకడం, విచ్చలవిడిగా మేపడం రెండూ ఆపింది. మేపు ఆపమనే ముందు గడ్డి చూపించాలి, లేకపోతే మేకలవాడు రాత్రిపూట తోలుకెళ్తాడు, అతని తప్పు కూడా కాదు. పాడిపశువులు ఇంటి దగ్గరే గడ్డి తిని పాలివ్వడం మొదలయ్యాక ఆ గొడవ తగ్గింది.

నీళ్లొచ్చాక వచ్చే ప్రమాదం చెరుకు. దానికి 1500 నుంచి 2500 మిల్లీమీటర్ల నీరు కావాలి, జొన్నకు 450 నుంచి 650 చాలు. రాలేగణ్ చెరుకు వద్దనుకుంది. సాగుకు బోర్లు కూడా వద్దని, ఉమ్మడి బావుల నుంచి వంతులవారీగా వాడుకోవాలని కట్టుబాటు పెట్టుకుంది. మన దగ్గర నీరు, నేల, చెట్ల రక్షణకని 2002లో వాల్టా చట్టం వచ్చింది, అయినా బోర్లు దిగుతూనే ఉన్నాయి. పక్కవాడి బోరు ఎంత లోతో తెలిసిన ఊరు పెట్టుకున్న కట్టుబాటుకీ, ఆఫీసు కాగితానికీ ఉన్న తేడా అది.

ఒక లెక్క మాత్రం సరిచూసుకోవాలి. సాగు 70 ఎకరాల నుంచి 2,500 ఎకరాలకు పెరిగిందని చాలాచోట్ల రాస్తారు. ఊరి మొత్తం విస్తీర్ణమే వెయ్యి హెక్టార్లకు కాస్త తక్కువ, అంటే 2,500 ఎకరాలైనా నిండవు, అందులో గుట్టలూ ఇళ్లూ ఉన్నాయి. రెండు పంటలూ కలిపి లెక్కేస్తే తప్ప ఆ అంకె పొసగదు.

1990లో పద్మశ్రీ, 1992లో పద్మభూషణ్ వచ్చాయి. ఢిల్లీ దీక్షల తర్వాత, పదవుల్లో ఉన్నవాళ్ల అవినీతిని విచారించే లోక్‌పాల్ కోసం 2013 చట్టం వచ్చింది, మొదటి లోక్‌పాల్ నియామకానికి మాత్రం 2019 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పదవిలో కూర్చున్న జస్టిస్ పినాకీ చంద్ర ఘోష్ అంతకుముందు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. హజారే పెళ్లి చేసుకోలేదు. సైన్యం పెన్షన్ మీద బతుకుతూ, యాదవబాబా గుడికి ఆనుకుని ఉన్న చిన్న గదిలో ఏళ్ల తరబడి కాపురమున్నాడు.