అండమాన్ ఫ్రిజ్

ఇవాళ పొద్దంతా ఫ్రిజ్ మెకానిక్ కోసం ఎదురుచూడటంతోనే సరిపోయింది. పదింటికి వస్తానన్న మనిషి పన్నెండున్నరకు వచ్చాడు, ఈలోపు పాలు విరిగిపోతే అత్తమ్మ వాటిలో చక్కెర వేసి దగ్గరికి మరిగించి పిల్లలకు పెట్టేసింది. గ్యాస్ లీకయిందట. "ఎప్పుడు కొన్నరు మేడమ్?" అని అడిగితే నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ "అండమాన్ పోకుండ ఆగిపోయిన ఏడు" అంది. అతను నా మొహం చూశాడు. బిల్లు చూపిస్తే వారంటీ సంగతి చూస్తానన్నాడు, అందుకని మా ఆయన ఎల్టీసీ (సర్కారు ఉద్యోగులకు ఇచ్చే సెలవు ప్రయాణ భత్యం) ఫైలు తీయాల్సొచ్చింది.

ఫ్రిజ్ బిల్లు ఎల్టీసీ ఫైల్లో ఎందుకుందంటే, అదో కథ. మా ఆయనది సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగం. నాలుగేళ్ల బ్లాకులో ఒకసారి ఇంటిల్లిపాదితో దేశంలో ఎక్కడికైనా వెళ్లి రావచ్చు, టికెట్ల డబ్బులు ఇస్తారు. ఆయన స్థాయి వాళ్లకు మామూలుగా రైలే, అండమాన్‌కైతే మాత్రం చెన్నై నుంచి విమానం ఒప్పుకుంటారు. విమానం అన్న మాట చెవిన పడ్డాక పిల్లలు ఇక వేరే ఊరి పేరు ఎత్తనిస్తారా? అలా అండమాన్ పోయొచ్చాం. 2020లో మళ్లీ వెళ్లాలనుకుంటే కరోనా. ఆ అక్టోబరులో ప్రభుత్వం ప్రయాణానికి బదులు క్యాష్ వోచర్ అని ఒక స్కీమ్ పెట్టింది. టికెట్ల ధరకు మూడు రెట్లు ఖర్చు చేసి 12 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ జీఎస్టీ ఉన్నవి కొనాలి, డబ్బు ఆన్‌లైన్‌లోనే కట్టాలి, అన్నీ 2021 మార్చి 31లోపు. వచ్చే డబ్బు వదులుకోవడం ఎందుకని ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఇంకా ఏవేవో కొన్నాం. సముద్రానికి పోవాల్సిన డబ్బు వంటింట్లో నిలబడి గుర్రుమంటోంది.

బిల్లు దొరికింది. కంప్రెసర్‌కు వారంటీ ఉందట, గ్యాస్‌కు లేదట. సరే పెట్టమన్నాను. అతను పని చేస్తుంటే నేను ఫైలు ముందేసుకుని కూర్చున్నా. బోర్డింగ్ పాసుల మీద అచ్చు ఎప్పుడో ఎగిరిపోయి తెల్లకాగితాలు మిగిలాయి, మా ఆయన జిరాక్సులు తీసి పెట్టాడు కాబట్టి బతికిపోయాం. పాత వాటిలో అక్కడి రాజధాని పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్ దీవుల పాత పేర్లే ఉన్నాయి. 2018 డిసెంబరులో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, 2024లో పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురం చేశారు. మా ఇంట్లో అత్తమ్మ ఒక్కతే ఏ గొడవా లేకుండా అన్నిటినీ కలిపి "ఆ దీవి" అంటుంది.

మా బజార్లో అందరిదీ ఒకటే ప్రశ్న, "మళ్ల గాడికేనా? వేరే జాగ దొరకలేదా?" అని. నాకైతే మొదటిసారి వెళ్లింది అసలు వెళ్లినట్టే లేదు. ప్యాకేజీ వాడు ఇచ్చిన కాగితం పట్టుకుని, పొద్దున ఒక పాయింటు, మధ్యాహ్నం ఒక పాయింటు, జెట్టీకి టైం అయిపోతోందని టెన్షన్, నోట్లో ముద్ద పెట్టుకుంటూనే పరుగు. నీల్‌లో రాతివంతెన చూద్దామని పోతే నీళ్లు పైకి వచ్చేసి ఉన్నాయి, దగ్గరికి పోనీయలేదు. తర్వాతి ప్రయాణాల్లో తెలిసింది, అక్కడ టిఫిన్ కంటే ముందు అడగాల్సింది ఆటుపోట్ల టైమని, అది రోజుకు యాభై నిమిషాల చొప్పున అటూ ఇటూగా ఆలస్యమవుతూ పోతుందని. నీళ్లు దిగినప్పుడు రాళ్ల మధ్య గుంటల్లో చిన్న చేపలు, నల్లటి సముద్ర దోసకాయలనే జీవులు కాళ్ల దగ్గరే కనబడతాయి. మా చిన్నోడు వాటి ముందు గొంతుక్కూర్చుంటే లేవడు. ఎక్కడికీ పోవాల్సిన పని లేదు కాబట్టి కూర్చోనిస్తాం. అదే చోటికి మళ్లీ వెళ్తే దక్కేది నాకు ఇదే, చూడాల్సినవన్నీ అయిపోయాయి కాబట్టి ఇక చూడొచ్చు.

అత్తమ్మకు నీల్ ఇష్టం. అక్కడి ఊళ్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామనగర్. బీచ్‌లో కూర్చోవడానికి ఆమెకు ఇంతకంటే కారణం అక్కర్లేదు. అక్కడ చీకటి తొందరగా పడుతుంది, మేము వెళ్లేది సంక్రాంతి సెలవుల్లో కాబట్టి ఐదున్నర దాటిందంటే అయిపోయినట్టే. గడియారం ఇక్కడా అక్కడా ఒకటే కానీ మనం నల్గొండలో 79వ రేఖాంశం దగ్గర ఉంటే వాళ్లు దాదాపు 93 దగ్గర ఉన్నారు, మనకంటే ఇంచుమించు గంట ముందే పొద్దు గూకుతుంది. మొదటిసారి అత్తమ్మ గాభరాపడి గది తలుపులేసింది. ఇప్పుడు ఐదింటికల్లా దీపం పెట్టేసుకుని, నల్గొండ నుంచి పట్టుకెళ్లిన సకినాల డబ్బా తీస్తుంది.

ఆ డబ్బాదే ఒక ముచ్చట. తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో స్కానింగ్ దగ్గర బ్యాగు ఆపేశారు. తీసి చూస్తే సకినాల నూకల కింద, పాత చీర ముక్కలో చుట్టి, ఒక పగడపు ముక్క, రెండు గవ్వలు. అనుమతి లేకుండా దీవి నుంచి అవి బయటికి రానివ్వరు. అత్తమ్మ హిందీలో కాదు, తెలుగులోనే వాదన పెట్టింది, "ఒడ్డున పడ్డయే కదా బిడ్డ, ఎవల సొమ్మని?" ఆ అబ్బాయి నవ్వి తెలుగులోనే జవాబిచ్చాడు, వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి వచ్చాడట. అక్కడ సిక్కోలు వాళ్లు చాలామంది. గవ్వలు మాత్రం ఇవ్వలేదు. చిన్నోడు "నానమ్మా, అందులో పీత ఇల్లు పెట్టుకుంటది" అని చెప్పాక ఆమె చల్లబడింది. ఇసుక మీద గవ్వే నడుస్తున్నట్టు కనబడే ఆ సన్యాసి పీతలను వాడు అప్పటికే రోజంతా చూశాడు.

అన్నీ బాగున్నాయని అబద్ధం రాయను. అద్దం అడుగున్న పడవలో మొదటిసారి చూసిన పగడాల్లో రంగులున్నాయి, తర్వాత కొన్నిచోట్ల సున్నం కొట్టినట్టు పాలిపోయాయి. నీళ్లు వేడెక్కితే పగడం తనలో ఉండే నాచును బయటికి తోసేస్తుందని, రంగూ తిండీ ఆ నాచువే కాబట్టి తెల్లబడుతుందని మా పెద్దది చెప్పింది. 2010లో, 2016లో అండమాన్‌లో ఇలా పెద్ద ఎత్తున జరిగింది. పడవతను మాత్రం ఆ తెల్లవాటిని కూడా "చూడండి చూడండి" అని హుషారుగా చూపించాడు, పాపం అతని బేరం అతనిది. హావ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌లో మనుషులు పెరిగారు. హోటల్ రేట్ల సంగతి ఎత్తొద్దు, ఎల్టీసీలో గదికీ తిండికీ పైసా రాదు.

సెల్యులార్ జైలుకు మాత్రం మొదటిసారి తప్ప అత్తమ్మ రాలేదు. ఏడు విభాగాల్లో మూడే మిగిలాయని గైడు చెబుతుంటే ఆమె ఖైదీలతో నూనె తీయించిన గానుగ దగ్గర ఆగిపోయింది. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో వాళ్ల నాయన జైల్లో ఉన్నప్పుడు ఆమె ఇంకా కడుపులో ఉందట. ఆ మాట అంతకుముందు ఎప్పుడూ మాతో అనలేదు. రెండోసారి పిలిస్తే "ఒకపాలి చూసిన, చాలు" అంది.

మెకానిక్ మూడింటికి వెళ్లాడు, మూడు వేలు. సాయంత్రం మా ఆయన వచ్చి ఫైలు బల్ల మీద చూసి, నేను వెళ్దామని అడుగుతున్నాననుకుని, తానే లెక్క మొదలుపెట్టాడు. 2026 నుంచి కొత్త బ్లాకు కదా. పెద్దది లక్షద్వీప్ అంటోంది, చిన్నోడికి నీలే కావాలి. అత్తమ్మను అడిగితే, మోకాళ్ల నొప్పికి చెన్నై రైలు తన వల్ల కాదు, హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉందట కదా, అదైతే వస్తానంది. దానికి పైన పడే తేడా మేమే పెట్టుకోవాలి. ఆయన ఆ తేడా ఎంతో ఇంకా ఫోన్‌లో వెతుకుతున్నాడు, పెద్దదేమో పక్కన కూర్చుని లక్షద్వీప్‌లోని అగత్తికి పోయే విమానాల రేట్లు చదివి వినిపిస్తోంది.