బెద్‌గెలెర్ట్: ఓ హోటలాయన కట్టిన స్థలపురాణం

వేల్స్ ఉత్తరాన ఎరిరి కొండల మధ్య గ్లాస్లిన్, కొల్విన్ అనే రెండు ఏర్లు కలిసే చోట బెద్‌గెలెర్ట్ అని ఓ చిన్న పల్లె ఉంది. వెల్ష్‌లో బెద్ అంటే సమాధి, సో గెలెర్ట్ సమాధి అన్నమాట. మరి ఈ గెలెర్ట్ ఎవరయ్యా అంటే అక్కడ చెప్పే జవాబు, కుక్క!

కథ ఏంటంటే లువెలిన్ అనే రాజు పసిబిడ్డని ఇంట్లో వదిలి వేటకెళ్లాడు, తిరిగొచ్చేసరికి ఉయ్యాల తిరగబడి ఉంది, బిడ్డ కనిపించట్లేదు, కుక్క మూతి నిండా రక్తం, ఇంకేముంది కత్తి దూసి పొడిచేశాడు. అది అరిచిన అరుపుకి ఉయ్యాల కింద బిడ్డ కేర్‌మంది, పక్కనే చచ్చిపడిన తోడేలు. ఎక్కడో విన్నట్టుంది కదా? మన పంచతంత్రంలో ముంగిస కథే ఇది, పాము బదులు తోడేలు, నీళ్ల కుండ విసిరి ముంగిసని చంపిన తల్లి బదులు కత్తి పట్టుకున్న రాజు, అంతే తేడా. ఈ కథ ఇండియా నుంచి పర్షియా, అరబ్బు దేశాల మీదుగా యూరప్ అంతా తిరిగిందని జానపద కథల మీద పనిచేసేవాళ్లు చెప్తారు. వెల్ష్‌లో 'వేటకుక్కని చంపినోడు పడ్డంత పశ్చాత్తాపం' అని ఓ పాత సామెత కూడా ఉంది, అంటే కథ ముందే ఉంది, ఈ ఊరికి అతికింది మాత్రం తర్వాతే.

అతికించింది ఎవరంటే డేవిడ్ ప్రిచర్డ్ అని అక్కడి గోట్ హోటల్ మొదటి ఓనరు. దక్షిణ వేల్స్ నుంచి వచ్చాడు, 1800 ప్రాంతంలో టూరిస్టులు కొండలు చూడ్డానికి రావడం మొదలైన టైమ్ అది, ఊరి పేరులో సమాధి ఎలాగూ ఉంది, రాళ్లు పాతించి రాజుగారి కుక్కని కూడా పెట్టేశాడు. మార్కెటింగ్ అంటే ఇదీ! ఇప్పటికీ ఏటి పక్క పొలంలో చెట్టు కింద చుట్టూ కంచె, లోపల పలకరాయి మీద వెల్ష్‌లో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి కథ చెక్కి ఉంటుంది, జనం నిలబడి చదువుకుంటారు.

అసలు పేరు చాలా పాతది. 1258 నాటి పత్రంలో బెకెలెర్ట్ అని, 1269లో బెద్కెలెర్ద్ అని ఉంది. కెలెర్ట్ అనేది మనిషి పేరే, బహుశా తొలినాళ్లలో ఇక్కడుండిన ఏ సాధువో అయ్యుంటాడు. ఎందుకంటే ఇక్కడో పాత మఠం ఉండేది, ఇప్పుడున్న సెయింట్ మేరీ చర్చి దాంట్లో మిగిలిన భాగమే. ఆ లువెలిన్ రాజు నిజంగానే ఉన్నాడు, 1240లో పోయాడు. కానీ ఈ కుక్కని ఆయనకి కట్టబెట్టింది మాత్రం హోటలాయనే. నాకైతే పాపం ఆ సాధువే గుర్తొస్తాడు, ఊరికి పేరిచ్చినోడు ఆయనైతే పూలు మాత్రం కుక్కకి.