డబ్లిన్ నుంచి పర్లాకిమిడి దాకా

డిసర్టేషన్ ఫైలు అప్‌లోడ్ చేసిన రాత్రి డబ్లిన్‌లో సన్నగా వాన పడుతోంది. నలుగురం ఉండే ఇంట్లో ఆ పూట నేనొక్కదాన్నే ఉన్నాను, మిగతా ముగ్గురూ డ్యూటీలకి వెళ్ళారు. ల్యాప్‌టాప్ మూసేసి, వంటింట్లో కూర్చుని అమ్మమ్మకి ఫోన్ చేశాను. డబ్లిన్‌లో అర్ధరాత్రి అంటే ఒడిశాలో మా బరంపురంలో తెల్లవారుజాము నాలుగున్నర. ఆవిడ అప్పటికే లేచి ఉంటుందని తెలుసు.

"చదువయిపోయింది అమ్మమ్మా" అన్నాను.

"అయిపోతే ఇంకా అక్కడేటే, వచ్చీ మరి" అంది.

మర్నాడే టికెట్ కొన్నాను.

వెళ్ళిన సెప్టెంబరు నుంచి ఈ ఆగస్టు దాకా ఊపిరి సలపలేదు. ఐర్లాండ్‌లో ఉండడానికి స్టూడెంట్లకి ఇచ్చే అనుమతి కార్డు, ఐఆర్‌పీ మీద స్టాంప్ 2 అని ఉంటుంది. ఆ స్టాంప్ మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా, క్రిస్మస్ సెలవుల్లో 40 గంటలు పని చేయొచ్చు. నేను సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర చేశాను. వచ్చినదాంట్లో సగానికి పైగా అద్దెకే పోయేది. డబ్లిన్‌లో గది దొరకడం సీటు దొరకడం కంటే కష్టం. ఇప్పుడు ఫలితాలు రావాలి. అవి వచ్చిన ఆరు నెలల లోపు స్టాంప్ 1జీకి అప్లై చేసుకుంటే, మాస్టర్స్ చేసినవాళ్ళు మొత్తం 24 నెలల దాకా అక్కడే ఉండి ఉద్యోగం చూసుకోవచ్చు. ఉండాలా, వచ్చెయ్యాలా అన్నది ఆ కార్డు తేల్చదు. ఆ టెన్షన్ మనసులో పెట్టుకునే విమానం ఎక్కాను.

ఇంకోటి కూడా మనసులో ఉంది. డబ్లిన్‌లో తెలుగు పిల్లలు చాలామంది. హైదరాబాద్ వాళ్ళు, గుంటూరు వాళ్ళు నా మాట విని "మీది శ్రీకాకుళమా?" అనేవారు. "కాదు, ఒడిశా" అంటే "మరి తెలుగెలా వచ్చు?" అని ఆశ్చర్యపోయేవారు. ఒడియా పిల్లల మధ్యకి వెళ్తే "నువ్వు తెలుగమ్మాయివి కదా" అనేవారు. ఎవరూ చెడు ఉద్దేశంతో అడగలేదు. కానీ ఎన్నిసార్లు అడిగినా నా దగ్గర పూర్తి జవాబు ఉండేది కాదు. మేము ఒడిశాకి ఎప్పుడొచ్చాం? అసలు రాలేదు కదా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం జిల్లాలో చాలా భాగం అటు కలిసింది. మా వాళ్ళు అప్పటికే ఆ ఇళ్ళలో ఉన్నారు, తర్వాతా అక్కడే ఉన్నారు. పదో తరగతి దాకా నేను బరంపురంలో అమ్మమ్మ దగ్గరే పెరిగినా, పక్క ఊళ్ళలో మన వాళ్ళు ఎలా ఉంటారో కళ్ళారా చూసింది తక్కువ. ఈసారి ఇంట్లో కూర్చోకుండా తిరగాలనుకున్నాను.

బరంపురం స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కగానే గిరి రోడ్డు వచ్చింది. చిన్నప్పటి నుంచి నడిచిన రోడ్డే. వి.వి. గిరి మా ఊళ్ళో 1894లో పుట్టారని, రాష్ట్రపతి అయ్యారని బడిలో చదువుకున్నాం. ఆయన డబ్లిన్‌లో చదువుకున్న సంగతి మాత్రం నాకు డబ్లిన్ వెళ్ళాకే తెలిసింది. 1913లో, పందొమ్మిదేళ్ళ వయసులో, లా చదవడానికి యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో చేరారు. అప్పట్లో ఆ కాలేజీ ఎర్ల్స్‌ఫోర్ట్ టెర్రస్‌లో ఉండేది. ఆ భవనంలో ఇప్పుడు నేషనల్ కన్సర్ట్ హాల్ ఉంది. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం పని దిగి అక్కడికి వెళ్ళి, ఆ పెద్ద స్తంభాల ముందు చాలాసేపు నిలబడ్డాను. గంజాం నుంచి వచ్చిన కుర్రాడు ఈ చలికి ఏం కప్పుకున్నాడో, అన్నం దొరికేదో లేదో అని ఆలోచించాను. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత, ఐరిష్ ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో ఆయన్ని దేశం విడిచి పొమ్మన్నారు. తిరిగొచ్చి బరంపురంలోనే ప్రాక్టీసు పెట్టారు. ఉండాలా వద్దా అని ఆలోచించుకునే వీలు ఆయనకి దొరకలేదు. నాకు 24 నెలలు దొరుకుతున్నాయి.

ఇంటికి చేరగానే "సిక్కిపోయావేటే గుంటా" అని అమ్మమ్మ నా చెంపలు తడిమి చూసింది. పొద్దున్నే మామయ్య సందు చివర నుంచి పూరీ ఉప్మా తెచ్చాడు. పూరీలో ఉప్మా పెట్టుకుని తినడం మా ఊరి అలవాటు. డబ్లిన్‌లో ఎవరికి చెప్పినా నమ్మలేదు. నాలుగు పూరీలు తిన్నాక గానీ ఇంటికొచ్చినట్టు అనిపించలేదు.

ఆ సాయంత్రం మామయ్య స్కూటర్ మీద గోపాల్‌పూర్ వెళ్ళాం. ఆగస్టులో ఆ దారిలో వెళ్ళినవాళ్ళకి నేను వాసన గురించి వేరే చెప్పక్కర్లేదు. చేల గట్ల మీద, ఇళ్ళ దొడ్ల చుట్టూ మొగలి పొదలే. గంజాం మొగలి అత్తరుకి దేశమంతా పేరుంది. వాన వెలిసిన గాలిలో ఆ వాసన స్కూటర్‌తో పాటే వచ్చింది. ఏడాది పాటు అమ్మమ్మ చీరల పెట్టె గుర్తొచ్చినప్పుడల్లా నేను వెతుక్కున్నది ఈ వాసనే.

సముద్రం మంచి పోటు మీద ఉంది. స్నానాలకి ఎవరూ దిగడం లేదు. ఒడ్డున పడవల దగ్గర వలలు బాగు చేసుకుంటున్న వాళ్ళంతా వాడబలిజలు. ఊళ్ళో వాళ్ళు నోలియాలు అంటారు. వాళ్ళ ఇళ్ళలో మాట తెలుగే. ఒక పెద్దాయన నన్ను చూసి "ఏ ఊరమ్మా?" అన్నాడు. బరంపురం అన్నాను. "అలాగా, కూకో" అని పడవ అంచు చూపించాడు. ఇంకో ప్రశ్న వేయలేదు.

గోపాల్‌పూర్ ఒకప్పుడు రేవు. ఇక్కణ్ణుంచే గంజాం కూలీలు స్టీమర్లెక్కి రంగూన్ వెళ్ళేవారు. అమ్మమ్మ వాళ్ళ నాన్న కూడా అలా వెళ్ళినవాడే. అక్కడ కర్రల మిల్లులో పనిచేసి, 1942లో జపాన్ వాళ్ళు బర్మా మీదికి వచ్చినప్పుడు అందరితో పాటు నడిచి అస్సాం చేరి, అక్కణ్ణుంచి ఇంటికొచ్చాడు. ఎన్ని నెలలు నడిచాడో ఆయన ఎప్పుడూ చెప్పలేదట. రంగూన్ మాటెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడట. పాత రేవు తాలూకు గోడలు, స్తంభాలు ఇసకలో ఇంకా మిగిలి ఉన్నాయి. వాటి పక్కన కూర్చుంటే నా ప్రయాణం ఎంత సుఖమైనదో అర్థమైంది. నాకు కష్టం లేదని కాదు. రోజూ వీడియో కాల్‌లో ఇల్లు కనిపించేది, జేబులో తిరుగు టికెట్ ఉంది. ఆయనకి ఆ రెండూ లేవు.

మధ్యలో ఒక రోజు జిరంగ వెళ్ళొచ్చాం. దారిలో తప్తపాణి వేడినీటి ఊట దగ్గర ఆగి కాళ్ళు కడుక్కున్నాం. జిరంగలో టిబెటన్ల బౌద్ధ మఠం పెద్దది, చాలా అందంగా ఉంది. ఆ చుట్టుపక్కల టిబెటన్లు 1960ల నుంచి ఉంటున్నారు. వాన వల్ల ఎక్కువ చూడలేకపోయాం.

వినాయక చవితి వెళ్ళిన మర్నాడు, ఆగస్టు 28న, పర్లాకిమిడి బయల్దేరాను. అక్కడ మా చిన్నమ్మమ్మ, అంటే అమ్మమ్మ చెల్లెలు, ఉంటుంది. బరంపురం నుంచి పలాస, అక్కణ్ణుంచి నౌపడ, నౌపడలో గుణుపురం వెళ్ళే పాసింజరు. కిటికీ పక్కన కూర్చుని స్టేషన్ బోర్డులు చూస్తూ వెళ్ళాను. బరంపురం దాటాక ఇచ్ఛాపురంలో తెలుగు అక్షరాలు మొదలవుతాయి. నౌపడ, టెక్కలి, టెంబూరు, పాతపట్నం అన్నీ తెలుగే. పాతపట్నం దాటిన కొద్ది నిమిషాలకి పర్లాకిమిడి, మళ్ళీ ఒడియా అక్షరాలు. బోర్డు మారినప్పుడల్లా పెట్టెలో మాట మారుతుందేమోనని చెవి పెట్టి విన్నాను. నా ఎదుట కూర్చున్న ఆడవాళ్ళు టెక్కలిలో మొదలుపెట్టిన పెళ్ళి సంబంధం మాటలు పర్లాకిమిడిలో దిగేదాకా అదే భాషలో సాగాయి.

ఈ లైను పర్లాకిమిడి రాజావారు వేయించినది. 1900లో నడవడం మొదలైంది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. చిన్నమ్మమ్మ పెళ్ళికూతురుగా ఆ చిన్న బండిలోనే ఈ ఊరొచ్చింది. 2004లో అది ఆగిపోయి, తర్వాత బ్రాడ్‌గేజ్ వచ్చింది. "ఆ బండైతే మనిషి పరిగెత్తి ఎక్కీవోడు" అంది, స్టేషన్ నుంచి ఆటోలో వస్తూ.

మర్నాడు పొద్దున్న బజారుకి ఆవిడతో వెళ్ళాను. కొండల మీద నుంచి వచ్చిన సవర ఆడవాళ్ళు ఇద్దరు పసుపు కొమ్ములు, చింతపండు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళలో వాళ్ళు సవరలో మాట్లాడుకున్నారు. చిన్నమ్మమ్మకి ధర తెలుగులో చెప్పారు. మా వెనక నిలబడ్డాయనకి అదే ధర ఒడియాలో చెప్పారు. అంత చదువు చదివి ఇంగ్లీషులో ఇంటర్వ్యూ అంటే చేతులు చల్లబడే నేను, ఆ ఇద్దరినీ చూస్తూ ఉండిపోయాను. ఆ పక్కనే కొమ్ము బొమ్మల దుకాణం ఉంది. పశువుల కొమ్ములతో కొంగలు, రొయ్యలు చేయడం ఈ ఊరి పని. నా రూమ్మేట్ కోసం ఒక చిన్న కొంగని కొన్నాను.

ఆ రోజు, ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. నేను తేదీ చూసుకుని రాలేదు, అలా కలిసొచ్చింది. ఆయన 1880లో ఈ ఊరి రాజావారి బడిలో మాస్టారుగా చేరి, మూడు దశాబ్దాలు ఇక్కడే పాఠాలు చెప్పారు. మనం మాట్లాడే తెలుగులోనే మనం రాసుకోవాలని ఆయన పట్టుబట్టకపోతే నేనీ నాలుగు ముక్కలు ఇలా రాయలేను. అంతకంటే ముందు ఆయన సవర నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. ఇంకొకరి భాష వినడానికి వెళ్ళి చెవులు పోగొట్టుకున్న మనిషి, ఆ తర్వాత సవర వ్యాకరణం, సవర నిఘంటువు పూర్తి చేశారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు మాత్రం తట్టుకోలేక, 72 ఏళ్ళ వయసులో ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు.

ఆయన బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఆ రోజు ఆ వీధుల్లో తిరుగుతుంటే, వెళ్ళకుండా ఉండిపోయిన వాళ్ళే నా మనసులో మెదిలారు. వాళ్ళకీ తెలుగు మీద ప్రేమ తక్కువ కాదు. పొలమో, కొట్టో, ముసలి తల్లో ఉంటారు. పొద్దున లేస్తే పక్కింటివాళ్ళు ఒడియావాళ్ళు, పండక్కి ఒకరింటి నుంచి ఒకరింటికి గిన్నెలు వెళ్తాయి. వాళ్ళ గురించి ఎవరు రాశారు? డబ్లిన్‌లో నన్నడిగిన ప్రశ్నకి జవాబు వాళ్ళ దగ్గరే ఉందని నాకు గట్టిగా అనిపించింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్నమ్మమ్మ అటక మీద నుంచి ఒక పుస్తకం దింపించింది. ఎర్ర గుడ్డ అట్ట, పొడవాటి ఖాతా పుస్తకం. చిన్నతాతకి బజారులో బట్టల కొట్టు ఉండేది. పుస్తకం తెరిచి చూస్తే ఒక పేజీ తెలుగులో, తర్వాతి పేజీ ఒడియాలో, మళ్ళీ రెండు పేజీలు తెలుగులో. మొదట నాకు అర్థం కాలేదు. "అరువు పట్టికెళ్ళినోడు సదువుకోవాల కదే" అంది ఆవిడ. ఎవరి బాకీ వాళ్ళ భాషలో రాసేవాడట తాత. ఎవరైనా కొట్టుకొచ్చి తన పేజీ తనే చూసుకోవచ్చు. అంకెలు తప్పాయేమోనని అనుమానపడక్కర్లేదు. ఒడియా రాయడం ఆయన ముప్పయ్యో ఏట, కొట్టు పెట్టాకే నేర్చుకున్నాడట. మొదటి పేజీల్లో ఆ అక్షరాలు పిల్లల అక్షరాల్లా వంకరగా ఉన్నాయి. చివరికొచ్చేసరికి గుండ్రంగా, నదురు బెదురు లేకుండా ఉన్నాయి. ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు తిప్పానో. ఎనభై పేజీల నా డిసర్టేషన్‌ని ఇంత ఇష్టంగా ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు.

చిన్నమ్మమ్మ మనవడు ఒడియా మీడియంలో ఏడో తరగతి. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవలేడు. వాడు ఒడియా పేజీలు చదివాడు, నేను తెలుగు పేజీలు చదివాను. ఎవరు ఎంత బాకీ ఉన్నారో, అందులో ఎవరు తీర్చారో లెక్క వేశాం. తీర్చిన వాటి మీద తాత అడ్డగీత కొట్టాడు. గీత కొట్టనివి కూడా కొన్ని ఉన్నాయి. "వాళ్ళు పెద్దయిపోనారు, మనం అడుగుతామేటి" అంది చిన్నమ్మమ్మ.

కొట్టు మూసేశాక చివర మిగిలిన ఖాళీ కాగితాల్లో ఆవిడ ఇంటి ఖర్చు రాసుకుంటోంది. ఆ రాత్రి కూడా కళ్ళజోడు సర్దుకుని కూర్చుంది. పాలు, రొయ్యలు, ఆటో అని వరసగా రాసింది. తర్వాత పెన్ను ఎత్తిపట్టి నా వైపు చూసింది.

"నువ్వుండే ఊరికి బ కింద ల వత్తేనేటే?"

అవునన్నాను.

'డబ్లిను నుండి మనవరాలు వచ్చింది' అని రాసి, పక్కన తేదీ వేసింది.