ఆరడుగుల ట్యాంకులో మన ఏటి చేపలు

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న ట్యాంకులో లెక్కకు 680 లీటర్లు పడతాయి. అడుగున రెండంగుళాల ఇసుక, పైన రెండంగుళాల ఖాళీ తీసేస్తే చేపలకు దక్కేది 565 లీటర్ల దాకా. అద్దం, ఇసుక, రాళ్లు కలుపుకుంటే బరువు 800 కిలోలు దాటుతుంది కాబట్టి స్టాండ్ ఎక్కడ పెట్టాలన్నది ముందే తేల్చుకోండి.

చేపల జాబితా రాసుకునే ముందు తేలాల్సిన సంగతి ఇంకొకటుంది: ఈ ట్యాంకు పారే నీళ్లదా, నిలవ నీళ్లదా? మన దేశపు చేపలన్నీ ఒక్క కుదురువి కావు. పడమటి కనుమల వాగుల్లో ఎదురీదే బార్బ్‌లూ, చెరువు నాచులో తిరిగే గౌరామీలూ ఒకే ట్యాంకులో సుఖపడవు. బార్బ్‌లకు సరిపడా ప్రవాహం పెడితే గౌరామీ ఒక మూల నక్కి తిండి మానేస్తుంది. ప్రవాహం తగ్గిస్తే బార్బ్‌లు నీరసిస్తాయి. నా ఓటు పారే నీళ్లకే. ఆరడుగుల పొడవు అక్కరకొచ్చేది గుంపుగా ఈదే చేపలకే.

ఇక ఏ చేపలు? అందరి కళ్లూ ముందు మిస్ కేరళ మీద పడతాయి, అదే డెనిసన్ బార్బ్. ఒంటి పొడవునా నల్ల గీత, దాని మీద ముక్కు నుంచి నడుం దాకా ఎర్ర గీత. అందానికి తిరుగు లేదు. కానీ దానికి కావాల్సింది 20 నుంచి 25 డిగ్రీల చల్లని నీళ్లు, దండిగా ఆక్సిజన్. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 32 దగ్గర 7.3కి పడిపోతుంది. వేడికి చేప ఒంట్లో ఆక్సిజన్ అవసరమేమో పెరుగుతుంది. మే నెలలో ట్యాంకు నీళ్లు 32కి చేరే ఇంట్లో, నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేకుండా దీన్ని పెట్టుకోవద్దు. పైగా ఇది అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో అంతరించే ప్రమాదమున్న జాతి. కొంటే హేచరీలో పుట్టిన పిల్లలనే అడిగి కొనండి.

మైదాన ప్రాంతాల ఎండకు తట్టుకునే చేప ఫిలమెంట్ బార్బ్. ఇదీ దక్షిణ భారతానిదే, 12 నుంచి 15 సెంటీమీటర్లు పెరుగుతుంది. దుకాణంలో చూస్తే ఎవరికీ నచ్చదు, ఎందుకంటే అక్కడ ఉండేవి పిల్లలు: పాలిపోయిన ఒంటి మీద నల్ల పట్టీలు, అంతే. పెరిగే కొద్దీ పట్టీలు మాసిపోయి తోక దగ్గర కోలగా ఒక నల్ల మచ్చ మిగులుతుంది, తోక కొసలు ఎర్రబడతాయి, మగవాటి వీపు రెక్క పోచలు దారాల్లా సాగుతాయి. పిల్లల్లో ఆడమగ తెలియదు కాబట్టి ఒక్కసారే పన్నెండు తెచ్చుకోవాలి. నాలుగో ఐదో తెస్తే బలమైన మగది మిగతా వాటిని తరిమి తరిమి రెక్కలు చింపుతుంది. పెద్ద గుంపులో ఆ దెబ్బలాట రెక్కలు విప్పి చూపించుకోవడంతో సరిపోతుంది.

ఈ చేపతో చాలామంది పడే పొరపాటు ఒకటి. ఎదిగిన మగవాటి మూతి మీద తెల్లటి చిన్న పొక్కులు లేస్తాయి. వైట్ స్పాట్ అనే తెల్ల చుక్కల జబ్బు అనుకుని మందు పోసేస్తారు. జబ్బయితే చుక్కలు రెక్కల మీద, ఒళ్లంతా చెదురుగా ఉంటాయి, చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది. మూతికే పరిమితమై, చేప హుషారుగా తింటూ ఉంటే అది జతకట్టే కాలపు గుర్తు. మందు అక్కర్లేదు.

పై నీళ్లకు జెయింట్ డానియో పన్నెండు. పది సెంటీమీటర్ల చేప, అలుపు లేకుండా ఈదుతుంది, అంతే చురుగ్గా బయటికి దూకుతుంది. పైపుల కోసం మూతలో వదిలిన కంతలను కూడా స్పాంజితో మూసేయండి.

అడుగుకు జీబ్రా లోచ్ ఎనిమిది. కృష్ణా నది ఎగువ వాగుల చేప ఇది. ఇదీ ఎర్ర జాబితాలో ఉంది, కాబట్టి డెనిసన్‌కు చెప్పిన మాటే దీనికీ. గరుకు కంకర మీద మీసాలు అరిగిపోతాయి, సన్నని ఇసుకే పోయాలి. కంటి కింద మడతపడే ముల్లుంటుంది, వలలో చిక్కితే విడదీయడం నరకం. డబ్బాతో పట్టండి. పొలుసులు మరీ చిన్నవి కాబట్టి మందులు త్వరగా ఎక్కుతాయి, రాగి కలిసిన మందులైతే అసలు వాడొద్దు.

పెట్టకూడని వాటి గురించీ చెప్పాలి. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప, పిల్లగా ఉన్నప్పుడు ముద్దొస్తుంది కూడా. కానీ అది మీటరు దాకా పెరగగలదు, నోట్లో పట్టే ప్రతి చేపనూ మింగుతుంది. శీలావతి, వాలుగ పిల్లలదీ అదే కథ: పెరిగాక ఏ ఇంటి ట్యాంకూ చాలదు. జెల్లలు పగలంతా రాళ్ల కింద బుద్ధిగా ఉంటాయి, తెల్లారేసరికి డానియోల లెక్క తగ్గుతుంది. గ్రీన్ క్రోమైడ్‌కు ఉప్పు కయ్య నీళ్లు నప్పుతాయి, దాన్ని ఈ గుంపులో కలపొద్దు.

ఫిల్టర్ గంటకు నీళ్లను ఆరేడు సార్లు తిప్పాలి, అంటే 4000 లీటర్లు. పంపు డబ్బా మీద రాసిన అంకె నీళ్లు ఎత్తకుండా కొలిచింది. సంప్ (ట్యాంకు కింద పెట్టే ఫిల్టర్ తొట్టి) నుంచి నాలుగడుగులు పైకి తోసేటప్పుడు చాలా తగ్గుతుంది కాబట్టి ఒక సైజు పెద్దదే కొనండి. ఒక చివర నీళ్లను తోసే వేవ్ మేకర్ పెట్టి, రెండో చివర రాళ్ల చాటున నెమ్మది నీళ్లుండేలా చూడండి, చేపలు అలిసినప్పుడు అక్కడికే చేరతాయి. కరెంటు పోతే వేసవిలో ప్రాణం మీదికొస్తుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ముందే ఉండాలి.

చేపలు వేయడానికి ముందు ఫిల్టర్‌లో చేపల వ్యర్థాలను విరిచే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే డానియోలు, మూడు వారాల తర్వాత బార్బ్‌లు, లోచ్‌లు మాత్రం ట్యాంకు రెండు మూడు నెలలు పండాకే. ప్రతి గుంపునూ విడి తొట్టిలో మూడు వారాలు ఉంచండి. తిండి తింటున్నా పొట్ట లోపలికి పోయి ఉంటే అది కడుపులో పురుగుల పని, అలాంటిది పెద్ద ట్యాంకులోకి రాకూడదు.

వారానికి మూడో వంతు నీళ్లు మార్చాలి. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ విరిచే మందు తప్పనిసరి. బార్బ్‌లకు ఉడికించిన పాలకూర వారానికి రెండు మూడు సార్లు పెట్టండి, లేకపోతే లేత మొక్కల మీద పడతాయి. లోచ్‌లకు మునిగే గుళికలు లైటు ఆర్పాకే వేయాలి, ముందు వేస్తే బార్బ్‌లు అడుగుకు చేరనివ్వవు.

ఎక్కువైన పిల్లల్ని ఊరి చెరువులో వదలొద్దు. కేరళ వాగు చేప మన దేశపుదే కావచ్చు, గోదావరికి మాత్రం అది పరాయిదే. తోటి పెంపకందారులకు ఇచ్చేయండి.